పన్నెండో సంతకం: ఒక గడ్డిమందు కేసు

రోగిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మార్చి రాస్తున్నాను. జరిగిన క్రమాన్ని, మేం చేసిన తప్పులను మార్చలేదు.

కొండపి వైపు పల్లె నుంచి వచ్చిన పొగాకు రైతు. వయసు 44. సొంత పొలం ఎకరంన్నర, కౌలుకు చేస్తున్నది ఆరెకరాలు, పొగాకు కాల్చే బ్యారన్ కూడా కౌలుదే. ఆ వారం వేలం కేంద్రంలో ఆయన బేళ్లు రెండుసార్లు నో బిడ్ అయి, అంటే కొనేవాళ్లెవరూ పాట పాడక, ఇంటికి తిరిగి వచ్చాయి. జూలైలో ఒక సాయంత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గడ్డిమందు తాగారు. పారాక్వాట్. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కించి ఒంగోలు తీసుకెళ్లమన్నాడు. కారు మాట్లాడుకుని, చేతికందిన డబ్బు సర్దుకుని మా క్యాజువాలిటీకి చేరేసరికి రాత్రి 11 దాటింది. మందు కడుపులో పడి అప్పటికి ఐదు గంటలు.

మాది ఒంగోలులో 80 పడకల ప్రైవేటు ఆసుపత్రి. నేను జనరల్ ఫిజీషియన్‌ని, ఐసీయూ చూస్తాను. ఐదేళ్లుగా మెడికల్ సూపరింటెండెంటు బాధ్యత కూడా నాదే. కాబట్టి ఇక్కడ రాసే ప్రతి లోపంలోనూ నా వాటా ఉంది.

పురుగుల మందు కేసులు మా జిల్లా ఆసుపత్రులకు కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే రోగి నోట నురగతో, స్పృహ లేకుండా వస్తాడు. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఉంది, అవసరమైతే వెంటిలేటర్ ఉంది, చాలామందిని నడిపించి ఇంటికి పంపగలుగుతాం. పారాక్వాట్ దీనికి తలకిందులు. రోగి నడిచే వస్తాడు. పేరు, ఊరు చెబుతాడు. మంచినీళ్లు అడుగుతాడు. విరుగుడు మాత్రం లేదు. మొదటి రెండు మూడు రోజుల్లో నోరు, గొంతు పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడుతూ వస్తాయి. మెదడు మాత్రం చాలామందిలో దాదాపు చివరిదాకా తేటగా ఉంటుంది. ఆ తేటగా ఉన్న రోజులను మేం ఏం చేశామన్నదే ఈ కేసు.

మూత్రంలో సోడియం బైకార్బొనేటు, సోడియం డైథయొనైటు కలిపితే, పారాక్వాట్ ఉన్నప్పుడు నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ప్రమాదం అంత ఎక్కువ. ఆ రాత్రి ల్యాబ్ టెక్నీషియన్ గాజుగొట్టాన్ని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూశాడు. సిరాబుడ్డిలో సిరాలాగా ఉంది. పక్కనే నిలబడి ఉన్న కొడుకు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్లవాడు, "నీలం వస్తే మంచిదేనా అండీ?" అని అడిగాడు. టెక్నీషియన్ "డాక్టరుగారు చెబుతారు" అన్నాడు. డ్యూటీ డాక్టరు "పెద్ద డాక్టరుగారు పొద్దున వచ్చి మాట్లాడతారు" అన్నాడు. ఆ పెద్ద డాక్టరును నేనే. ఫోనులో మందులు చెప్పి పడుకున్నాను. మర్నాడు రౌండ్సులో బంధువులతో నాలుగు నిమిషాలు మాట్లాడాను. "పరిస్థితి సీరియస్‌గా ఉంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం" అన్నాను. ఆ రంగు గురించి విన్నాక నాకు తెలిసినది అంతకంటే చాలా ఎక్కువ.

మాస్కు తీసేసిన రాత్రి

క్యాజువాలిటీలోకి ఏ సీరియస్ కేసు వచ్చినా సిబ్బంది చేతులు మొదట ఆక్సిజన్ గొట్టం మీదికి వెళతాయి. పారాక్వాట్‌లో అది కీడు. ఊపిరితిత్తుల్లో ఈ మందు రగిల్చే నిప్పుకు ఆక్సిజన్ ఆజ్యం పోస్తుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం బాగా పడిపోతే తప్ప ఇవ్వకూడదు. ఆయనకు 97 శాతం ఉంది, అయినా అలవాటు కొద్దీ మాస్కు పెట్టేశారు. నేను ఫోనులో అడిగి తెలుసుకుని, వెంటనే తీసేయమన్నాను. నర్సు వెళ్లి తీసేసింది.

సరిగ్గా ఆ సమయంలోనే బిల్లింగ్ కౌంటర్లో 50,000 అడ్వాన్సు కట్టమన్నారు. రోగి బావమరిది దగ్గర ఉన్నది 20,000. అది కట్టి, మిగతాది పొద్దున తెస్తానని చెప్పి లోపలికి వచ్చాడు. వచ్చేసరికి నర్సు మాస్కు తీసి కొక్కేనికి తగిలిస్తోంది.

డబ్బు తక్కువైందని ఆక్సిజన్ తీసేశారనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ అర్ధరాత్రి ఊరికి ఫోను చేసి, మూడు రూపాయల వడ్డీకి లక్ష తెప్పించారు. నెలకు నూటికి మూడు. వైద్యపరంగా సరైన పనే చేశాం. ఎందుకు తీస్తున్నామో ఒక్క మాట చెప్పకపోవడంతో అది ఆ ఇంటి మీద అప్పయి కూర్చుంది. అప్పుల వల్లే మందు తాగిన మనిషి ఇంటి మీద. ఈ సంగతి నాకు తెలిసింది ఆయన పోయిన 25 రోజులకు, కొడుకు నోటి నుంచి.

ఎవరు సంతకం పెట్టారు

తర్వాత కేస్ షీటు ముందేసుకుని సంతకాలు లెక్కపెట్టాను. నాలుగో రోజు ఉదయం దాకా 11. అడ్మిషన్‌కు, ఐసీయూకు మార్చడానికి, మెడలోని పెద్ద నాళంలో గొట్టం వేయడానికి, డయాలసిస్‌కు, హీమోపెర్ఫ్యూజన్‌కు, ఖర్చు అంచనాకు, ఇలా. ఏడు బావమరిదివి, మూడు కొడుకువి, ఒకటి భార్య వేలిముద్ర. రోగి సంతకం ఒక్కటీ లేదు. ఆయనకు చదవడం, రాయడం వచ్చు. పూర్తి స్పృహలో ఉన్నారు. మంచం పక్కనే నిలబడి, ఆయన తల మీదుగా ప్యాడ్ అందించి, బావమరిది చేత సంతకం పెట్టించుకున్నాం.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే దీన్ని తేల్చింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, మత్తులో ఉండగా, తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం కాదు, మెలకువ వచ్చేదాకా ఆగవచ్చు. వయసొచ్చి, తెలివిలో ఉన్న మనిషి శరీరం గురించి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. డాక్టరు ఫీజు వదులుకోవాలని, పైగా 25,000 పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. సమ్మతి అంటే కాగితం మీద పేరు కాదని, చేయబోయేది ఏమిటో, ఎందుకో, దాని వల్ల ఎంత మేలో, ఎంత ప్రమాదమో, వేరే దారి ఉందో, చేయించుకోకపోతే ఏమవుతుందో రోగికి అర్థమయ్యాక ఇచ్చేదని వివరించింది. ఈ తీర్పు మీద నేను జూనియర్లకు రెండుసార్లు క్లాసు చెప్పాను. నా ఐసీయూలో తల్లి స్థానంలో బావమరిది ఉన్నాడు, అంతే తేడా.

హీమోపెర్ఫ్యూజన్ దగ్గర ఇది మరీ బాధాకరం. రక్తాన్ని బొగ్గుపొడి లాంటి పదార్థం నింపిన గొట్టం గుండా పంపి విషాన్ని పట్టుకునే పద్ధతి అది. తాగిన మొదటి కొద్ది గంటల్లో చేస్తే కొంత ఉపయోగం ఉండవచ్చు, అప్పుడు కూడా పెద్ద నమ్మకం లేదు. మాకు అది మొదలుపెట్టడానికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పటికి విషం రక్తం దాటి ఊపిరితిత్తుల్లో చేరిపోయి ఉంటుంది. కిడ్నీ డాక్టరు బయటి నుంచి వచ్చి చూసి వెళ్లేవారు. ఆయనకు చికిత్సను బట్టి చెల్లింపు. ఆయన దురాశతో చెప్పారని నేను అనను. 44 ఏళ్ల మనిషి మాట్లాడుతూ కళ్ల ముందు ఉంటే ఏ డాక్టరుకైనా చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. కానీ కుటుంబానికి దాని గురించి వివరించింది ఎవరు? కౌంటర్లో అంచనా కాగితం ఇచ్చే అబ్బాయి. "ఇది చేయిస్తే బతికే అవకాశం ఉంది" అన్నాడు. ఆ అబ్బాయి బీకాం చదివాడు. బతికే అవకాశం గురించి చెప్పే పని మేం చేయనందువల్ల అది అతని నెత్తిన పడింది.

"కేసు లేకుండా చూడండి"

మొదటి రాత్రే ఇంకొకటి జరిగింది. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేయవలసిన మెడికో లీగల్ కేసుల రిజిస్టరు తీయగానే బావమరిది డ్యూటీ డాక్టరు చేతులు పట్టుకున్నాడు. "మా బావ మీద పోలీసు కేసు పెట్టకండి సార్. మంచినీళ్లనుకుని పొరపాటున తాగాడని రాయండి. ఇంట్లో పెళ్లికి ఎదుగుతున్న ఆడపిల్ల ఉంది." డ్యూటీ డాక్టరు ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఎంఎల్‌సీ రాశాడు, పోలీసులకు సమాచారమూ పంపాడు. కానీ కేస్ షీటులో మాత్రం "పొరపాటున తాగారు" అని, తానే చూసినట్టు రాశాడు. రాయవలసింది "పొరపాటున తాగారని బావమరిది చెబుతున్నారు" అని. చిన్న తేడాలా కనిపిస్తుంది. తర్వాత ఆ కుటుంబాన్ని వెంటాడింది ఆ తేడాయే.

ఆ కుటుంబం భయపడిన కేసు అసలు లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని శిక్షించే పాత ఐపీసీ 309 సెక్షనుకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షనుతోనే పదును పోయింది. అలాంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, విచారించి శిక్షించకూడదు, ఆయనకు సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది అని ఆ చట్టం చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే వర్తించే 226 మాత్రం ఉంది. అయినా విషం తాగిన ప్రతి కేసునూ ఎంఎల్‌సీగా రాస్తాం. తానే తాగాడా, పొరపాటా, ఎవరైనా కలిపి ఇచ్చారా అన్నది ఆ రాత్రి మాకు తెలిసే వీలు లేదు కాబట్టి. ఈ నాలుగు ముక్కలు ఆ రాత్రి ఎవరైనా చెప్పి ఉంటే బావమరిది అబద్ధం చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. మా డ్యూటీ డాక్టరుకే ఇవి తెలియవు. తెలియజేయవలసినవాడిని నేను.

డబ్బు కోసమో, పోలీసుల కోసమో చికిత్స ఆపే పొరపాటు మాత్రం ఆ రాత్రి జరగలేదు. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మా క్యాజువాలిటీ గోడ మీద తెలుగులో రాసి ఉంటుంది: ప్రాణం నిలపడమే ముందు, పోలీసు లాంఛనాలు తర్వాత. అడ్వాన్సు తక్కువైనా మందులు ఆపలేదు. ఆపామని వాళ్లు అనుకున్నారు, అది వేరే సంగతి.

నాలుగో రోజు

మూడో రోజుకు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చూపే క్రియాటినిన్ పెరిగింది, డయాలసిస్ మొదలైంది. నాలుకంతా పుండు. నాలుగో రోజు ఉదయం రౌండ్సులో మంచం దగ్గర ఆగాను. మాట ముద్దగా వస్తోంది, కానీ స్పష్టంగానే అడిగారు.

"సార్, ఎంత అయింది?"

"ఆ సంగతి మీరు ఇప్పుడు ఆలోచించకండి."

"నేను కాక ఎవరు ఆలోచిస్తారు సార్? కట్టవలసింది మావాడే కదా."

నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజుల్లో ఆయనతో మాట్లాడిన మొదటి అసలైన మాటలు ఇవే. అప్పటిదాకా "ఎలా ఉంది, నొప్పి ఉందా" తప్ప ఏమీ అడగలేదు. తర్వాత ఆయనే అన్నారు: "బతుకుతానో లేదో మీరైనా చెప్పండి."

"బావకు చెప్పవద్దు సార్, తట్టుకోలేడు" అని బావమరిది రెండో రోజే నా దగ్గర మాట తీసుకున్నాడు. మన ఇళ్లలో ఇది రోజూ వినే మాట, ప్రేమతో అనే మాట. దీన్ని పాశ్చాత్యులు, మనవాళ్లు అని విడదీసి కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి కూడా రోగ తీవ్రతను పెంచి గానీ తగ్గించి గానీ చెప్పవద్దంటూనే, రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల స్నేహితులకు తగినంత తెలిసేలా చూడమంటుంది. అందులో బంధువులకు చోటుంది. అయితే రోగే సూటిగా అడిగినప్పుడు, తెలుసుకోవడానికి ఆయనకు నాలుగైదు రోజులే మిగిలినప్పుడు, బావమరిదికి ఇచ్చిన మాటకు ఎంత బరువుంటుంది?

అందరినీ బయటికి పంపి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. విరుగుడు లేదని చెప్పాను. డయాలసిస్ మూత్రపిండాలకే, ఊపిరితిత్తులకు కాదని చెప్పాను. బతికే అవకాశం చాలా తక్కువని చెప్పాను. ఎన్నాళ్లని అడిగారు. కొన్ని రోజులని, మాట బాగా వచ్చే రోజులు ఇవేనని అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "నోట్లో పోసుకున్న మరుక్షణమే కక్కేద్దామని చూశాను సార్. చావాలని లేదు ఇప్పుడు" అన్నారు. పొరపాటున తాగలేదని, బావమరిది భయపడి అలా చెప్పి ఉంటాడని కూడా ఆయనే అన్నారు. అది విని నేను బయటికి వెళ్లిపోలేదు. ఆ ఇరవై నిమిషాలు కూర్చోగలిగాను. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే, అదీ నాలుగు రోజులు ఆలస్యంగా.

ఆ తర్వాత ఆయన అడిగినవి రెండు. ఒంగోలులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న కూతురిని తీసుకురమ్మన్నారు. నాన్న మా ఆసుపత్రిలో, తన హాస్టలుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని ఆ పిల్లకు నాలుగు రోజులుగా తెలియదు. రెండోది, కొడుకును కూర్చోబెట్టి ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పారు. "వాడికి ఏమీ తెలియదు. నేను పోయాక వచ్చి రెండింతలు అడుగుతారు" అన్నారు. కొడుకు జేబులో ఉన్న మా ఫార్మసీ బిల్లు తీసి, దాని వెనక వరసగా రాసుకున్నాడు. ఎరువుల కొట్టు, కౌలు, బ్యారన్ కట్టెలు, చీటీ. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. ముందువైపు మా లెక్క, వెనకవైపు వాళ్ల లెక్క.

ఆ మధ్యాహ్నం మానసిక వైద్యుడు వచ్చి గంట మాట్లాడారు. నిర్ణయం తీసుకోగల తెలివిలోనే ఉన్నారని రాశారు. హీమోపెర్ఫ్యూజన్ ఆపేయమని, ఊపిరి అందనప్పుడు వెంటిలేటర్ పెట్టవద్దని రోగి అన్నారు. ఇక్కడ నేను కాస్త ఆగవలసి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి చికిత్స వద్దంటే, అది ఆ ప్రయత్నానికే కొనసాగింపు కాదా? మా ఐసీయూ నర్సు ఈ ప్రశ్న అడిగింది, అడగవలసిన ప్రశ్నే. ఆర్గానోఫాస్ఫేట్ కేసయి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు; అక్కడ వెంటిలేటర్ మనిషిని ఒడ్డుకు చేరుస్తుంది. ఇక్కడ గట్టిపడిన ఊపిరితిత్తులను అది బాగుచేయలేదు, మాట పోగొట్టి రోజులు సాగదీస్తుంది. ఆయన వద్దన్నది బతుకును కాదు, ఉపయోగం లేని యంత్రాన్ని. తెలివిలో ఉన్న వయోజనుడికి చికిత్స నిరాకరించే హక్కు ఉందని కామన్ కాజ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఆయన చెప్పినవి చెప్పినట్టు కేస్ షీటులో తెలుగులో రాశాను. తారీఖు, సమయం వేశాను. "మందు నేనే తాగాను, ఎవరూ తాగించలేదు. ఇప్పుడు నాకు బతకాలని ఉంది. ఉపయోగం లేదన్నాక ఇంకా ఖర్చు పెట్టించవద్దు. మిషను వద్దు. మాట ఉండగా ఇంటికి పంపండి." చదివి వినిపించాను. కింద సంతకం పెట్టారు. అది పన్నెండోది.

పోలీసులకు ఫోను చేసి, రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉన్నారని, వాంగ్మూలం తీసుకోవాలనుకుంటే ఆలస్యం చేయవద్దని చెప్పాను. సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ వచ్చి నమోదు చేసుకున్నారు. ఈ ఫోను మొదటి రోజే చేసి ఉండాలి.

ఆరో రోజు: ఫైలు కౌంటర్లో ఉంది

ఇంటికి పంపాలని నిర్ణయించుకున్నాం. ఆయాసానికి, నొప్పికి అప్పుడు ఇవ్వవలసింది నోటి ద్వారా వేసే మార్ఫిన్. 2014లో నార్కోటిక్స్ చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన వైద్య సంస్థ ఏదైనా దాన్ని తెచ్చి ఉంచుకోవచ్చు. మేం ఆ గుర్తింపుకు దరఖాస్తే చేయలేదు. 80 పడకలు, ఐసీయూ, డయాలసిస్ ఉన్న ఆసుపత్రిలో చనిపోయే మనిషికి ఇవ్వవలసిన మందు లేదు. దాని బదులు దొరికే వేరే మందులు రాసి పంపాం.

డిశ్చార్జికి సిస్టరు తెచ్చిన ఫారం మీద "వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా సొంత బాధ్యతపై తీసుకువెళుతున్నాము" అని అచ్చు వేసి ఉంది. పంపుతున్నది నేను. ఆ ఫారం మీద పదమూడో సంతకం బావమరిది పెట్టాడు. నేను చూసీ ఊరుకున్నాను, ఎప్పుడూ వాడే కాగితమే కదా అని. కోర్టుకు వెళితే ఆ అబద్ధపు కాగితం మమ్మల్ని కాపాడదు, పైగా నేను రాసిన పేజీకి అదే విరోధం.

మొత్తం బిల్లు 2,38,000. కట్టినవి 2,00,000. ఉదయం 11కి డిశ్చార్జి రాశాను. అంబులెన్సు కదిలింది సాయంత్రం నాలుగున్నరకు. మధ్యలో ఎవరూ "డబ్బు కడితేనే పంపుతాం" అనలేదు. ఆ మాట మా ఆసుపత్రిలో ఎవరూ అనరు. "ఫైలు కౌంటర్లో ఉంది" అంటారు. "సార్ భోజనానికి వెళ్లారు" అంటారు. బాకీ కోసం రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది; ఆ పత్రాన్ని మా రిసెప్షన్‌లో ఫ్రేము కట్టి పెట్టాం. నాకు తెలిసేసరికి నాలుగైంది. ఉదయం 11కి ఆయన కూతురితో మాట్లాడుతున్నారు. నాలుగున్నరకు స్ట్రెచర్ మీద మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారు. మాట ఉండగా ఇంటికి పంపమని ఆయన, పంపుతానని నేను అనుకున్న రోజు అలా కౌంటర్లో గడిచింది.

మర్నాడు తెల్లవారుజామున పోయారు. స్నానం చేయించి, దండలు వేశాక పోలీసులు వచ్చారు. ఎంఎల్‌సీ కేసులో మరణం ఇంట్లో జరిగినా శవపంచనామా తప్పదు. అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను. పోస్టుమార్టమూ దాని వెంటే ఉంటుంది. పంపేటప్పుడు ఈ విషయం మేం చెప్పలేదు. దండలు తీసి, ఆటో ట్రాలీలో, జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ఒంగోలు సర్వజన ఆసుపత్రికి తెచ్చారు.

ఆ ఒక్క వాక్యం

రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2019లో 7 లక్షలకు పెంచారు. దానికి ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, కౌలుదారు అయితే సాగు హక్కు పత్రం, ఆసుపత్రి రికార్డులు కావాలి. ఆర్డీవో నేతృత్వంలోని కమిటీ విచారించి తేలుస్తుంది. ఏ కేసు రాయవద్దని ఆ రాత్రి బతిమాలారో ఆ కేసు కాగితాలే ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం. మొదటి పేజీలో మా డ్యూటీ డాక్టరు రాసిన "పొరపాటున తాగారు" చూసి ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది.

రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి చెబుతుంది. మేం 19 రోజులు తీసుకున్నాం, 38,000 బాకీ చూపించి అకౌంట్స్ విభాగం ఆపింది. 25వ రోజు కొడుకు, బావమరిది నా గదికి వచ్చారు. మాస్కు సంగతి అప్పుడే విన్నాను. బావమరిది ఏడుస్తూ, "ఆ మాట నేనే చెప్పాను సార్, దాన్ని కొట్టేసి నిజం రాయండి" అన్నాడు. ఒకసారి రాసిన రికార్డును దిద్దితే ఆయనకు మేలు జరగదు, దిద్దిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. దిద్దనవసరం కూడా లేదు. నాలుగో రోజు రాసిన పేజీ ఉంది. రికార్డు మొత్తం ధ్రువీకరించి ఇచ్చాను. మొదటి వాక్యం బంధువు మాట మీద రాసినదని, నాలుగో రోజుది రోగి స్వయంగా చెప్పి సంతకం చేసినదని విడిగా లేఖ రాశాను. బాకీ రద్దు చేయించాను. భార్యకు, పిల్లలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు రాసిచ్చాను. అమ్మ నిద్రపోవడం లేదని కొడుకు అప్పటికే రెండుసార్లు అన్నాడు.

ఆ తర్వాత యాజమాన్యంతో మూడు సమావేశాలు జరిగాయి. వసూలు కాని బిల్లుల చిట్టా ముందు పెట్టి, "జీతాలు ఎక్కడి నుంచి ఇద్దాం?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సిబ్బందిపై దాడులు చేస్తే మూడేళ్ల వరకు జైలు అని 2008 నుంచి మన రాష్ట్రంలో చట్టం ఉంది, అయినా భయం పోలేదని ఒక సర్జన్ అన్నారు. నేను మాస్కు సంగతి చెప్పాను. ఆ రాత్రి ఆ బావమరిది చెయ్యెత్తి ఉంటే మేం దాన్ని దాడి అనే రాసుకునేవాళ్లం.

ఇప్పుడు నీలం రంగు వచ్చిందంటే కన్సల్టెంటు గంటలోపు స్వయంగా రావాలి, కూర్చుని రోగితోనూ కుటుంబంతోనూ మాట్లాడాలి, ఏం మాట్లాడారో రాయాలి. ఇద్దరు కన్సల్టెంట్లు ఇంకా దీనికి సమ్మతించలేదు. వాళ్ల రాత్రులు నేనే వస్తున్నాను. సమ్మతి పత్రంలో మొదటి గీత రోగిది. వేరేవారు సంతకం పెడితే రోగి ఎందుకు పెట్టలేదో కారణం రాయాలి, రాయకపోతే ఆపరేషన్ థియేటర్ సిస్టరు వెనక్కి పంపుతుంది. అంచనా కాగితం మీద డాక్టరు సంతకం ఉండాలి. "ఇది చేయించకపోతే ఏమవుతుంది" అన్న గడి ఖాళీగా ఉండకూడదు. ఎంఎల్‌సీ అంటే ఏమిటో, పోలీసులు ఎందుకు వస్తారో, మరణిస్తే పోస్టుమార్టం ఎందుకో ఒక పేజీ తెలుగులో అచ్చు వేయించాం. రికార్డుల గదిని అకౌంట్స్ నుంచి విడదీశాం. మార్ఫిన్ గుర్తింపుకు దరఖాస్తు చేశాం. డిశ్చార్జి ఫారాలు రెండు రకాలుగా విడగొట్టినా, రాత్రి డ్యూటీలో ఇప్పటికీ పాతదే చేతికి వస్తోంది. పోయిన వారం కూడా ఒకటి చింపేశాను.

ఐరోపా సమాఖ్యలో 2007లో, కేరళలో 2011లో ఆపేసిన మందు ఇది. మా దగ్గర ఏ ఎరువుల కొట్లో అడిగినా దొరుకుతుంది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. ఆపాలని కలెక్టరేటుకు రాసిన అర్జీ మీద మా ఆసుపత్రి డాక్టర్లు తొమ్మిది మందిమి సంతకాలు పెట్టాం.

గత నెల ఆ కొడుకు మళ్లీ వచ్చాడు. ఆర్డీవో కార్యాలయంలో నాలుగో రోజు పేజీకి ముద్ర వేసిన నకలు ఇంకొకటి అడిగారట. తీయించి, ముద్ర వేసి ఇచ్చాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "ముద్ర లేకపోయినా పరవాలేదు సార్, ఇదే పేజీ ఇంకొకటి ఇవ్వండి. చెల్లి అడిగింది" అన్నాడు.